పద్నాలుగు ఫొటోలు, ఒక ఇంకు మరక

రెండేళ్ల కిందట ఒక పాత ఇంకు పెన్ను నా చేతికొచ్చింది. పక్కన సన్నటి లోహపు మీట ఉంటుంది, దాన్ని గోటితో ఎత్తి వదిలితే లోపలున్న రబ్బరు సంచి నొక్కుకుని, మళ్లీ ఉబ్బుతూ ఇంకు పీల్చుకుంటుంది, ఆ రకం. నేను ఎత్తాను. లోపల ఎండుటాకులు నలిగినట్టు చప్పుడయింది, ఇంకు మాత్రం చుక్క కూడా ఎక్కలేదు. ఏం చేయాలో వెతుకుదామని కూర్చుంటే వచ్చిన పేజీలన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఇంకు పెన్ను అంటే ఏమిటి, దాని చరిత్ర, దానితో రాస్తే కలిగే ఎనిమిది లాభాలు, ఆఖర్న "సమస్య ఉంటే నిపుణులను సంప్రదించండి". మధ్యలో కుకీలకు ఒప్పుకోమని ఒక డబ్బా, మెయిల్ ఐడీ ఇవ్వమని ఇంకో డబ్బా, కింద మూల నుంచి ఏమైనా సాయం కావాలా అంటూ తొంగిచూసే బొమ్మ. వాటిని మూస్తూ పోవడమే పనయింది. అవి రాసినవాళ్లలో ఒక్కరైనా ఎప్పుడైనా ఒక పెన్ను విప్పి చూశారా అని నాకు గట్టి అనుమానం.

అలా వెతగ్గా వెతగ్గా, నాలుగైదు పేజీల ఫలితాలు దాటాక ఒకటి దొరికింది. బూడిద రంగు మీద నల్ల అక్షరాలు, నీలం లింకులు, అంతా ఎడమవైపు గోడకి అతుక్కుపోయి ఉంది. శీర్షిక "పెన్నులు 3". అంతే. కింద పద్నాలుగు ఫొటోలు, అన్నీ ఒకే బల్ల మీద ఒకే దీపం కింద తీసినవి. అయిదో ఫొటో దాకా బల్ల శుభ్రంగా ఉంది, ఆరో ఫొటో నుంచి కుడివైపు మూల ఇంత పెద్ద ఇంకు మరక. దాని గురించి ఆయన (లేదా ఆవిడ, పేరు ఎక్కడా లేదు) ఒక్క ముక్క కూడా రాయలేదు, ఏదో ఒలికింది, తుడిచినా పోలేదు, పని ఆపలేదు, అంతే.

రాసింది మాత్రం ఇలా ఉంది. పాళీ ఉన్న ముందు భాగాన్ని బలంగా తిప్పొద్దు, హెయిర్ డ్రయ్యర్‌తో కాసేపు వెచ్చబెట్టి మెల్లగా అటూ ఇటూ కదుపుతూ లాగాలి. పెన్ను ఒళ్లు సెల్యులాయిడ్ అయితే మంట ఛాయలకి కూడా పోనివ్వొద్దు, భగ్గున అంటుకుంటుంది. ఎండిన రబ్బరంతా గోకేసి కొత్త సంచిని లక్కతో అతికించాలి, అంటే షెల్లాక్ అని సీసాలో దొరుకుతుందే, దానితో. సూపర్ గ్లూ మాత్రం వద్దు, ఎందుకంటే కొన్నేళ్లకి దీన్ని మళ్లీ ఎవరో ఒకరు విప్పాల్సి వస్తుంది. సంచి ఎంత పొడవు కోయాలి అన్న దగ్గర మూడు పేరాలు రాశారు, మిగతా పెన్నంతటికీ కలిపి నాలుగు పేరాలైతే ఆ ఒక్క కోతకీ మూడు, అందులో ఒకటి పూర్తిగా తను పొట్టిగా కోసి పాడు చేసిన రెండు సంచుల గురించి. ఆ సాయంత్రం నా పెన్ను రాసింది.

ఆ రాత్రి ఆ సైట్లో మిగతా పేజీలు కూడా చదివాను. "పెన్నులు 1", "పెన్నులు 2", తర్వాత ఏ సంబంధమూ లేకుండా "మెట్ల కింద అలమార", దాని తర్వాత ఒక పక్షి ఈక ఫొటో, కింద "ఇది దేనిదో ఎవరికైనా తెలిస్తే చెప్పండి". గంటన్నర పట్టింది, అయిపోయింది. ఆఖరి లింకు నొక్కాక ఇంక ఏమీ లేదు. ఏదైనా చదువుతూ చదువుతూ చివరికి చేరడం అన్నది ఎన్నాళ్లకి జరిగిందో నాకు గుర్తు రాలేదు, ఫోన్లో వేలితో పైకి తోస్తూ ఉంటే ఎప్పటికీ రాదు కదా అది.

అప్పటినుంచి ఇలాంటి సైట్ల పిచ్చి పట్టింది నాకు. ఎవరో ఒక్కరు, ఉద్యోగానికి సంబంధం లేకుండా, పైసా రాకపోయినా, తనకి ఇష్టమైన ఒక్క సంగతి పట్టుకుని పేజీలు పేజీలు పెట్టుకునే సైట్లు. తాడు ముడుల సైటు ఒకటి ఉంటుంది, పాత కాలిక్యులేటర్ల సైటు ఇంకోటి, నాచు ఫొటోలు తప్ప మరేమీ లేనిది మరోటి. నాచులో ఇన్ని రకాలా అనిపిస్తుంది ముందు, పది నిమిషాలయ్యాక గోడల మూలలు వంగి చూడటం మొదలుపెడతాం.

వీటిని మెచ్చుకునేవాళ్లు ఎక్కువమంది చెప్పేది పాత ఇంటర్నెట్ మీద బెంగ గురించి. అది నాకు సగమే ఒంటబడుతుంది. నాకు తోచిన కారణం వేరే. ఆ సైట్లు చూసేవాళ్లెవరూ లేరన్న నమ్మకంతో రాసినవి, అందుకే పనికొస్తాయి.

ఇది తిరకాసుగా ఉంది కానీ నా అనుభవం చెబుతాను. ఆ పెన్ను బాగుచేశాక ఉత్సాహం పట్టలేక ఒక సోషల్ మీడియాలో దాని గురించి రాశాను. ముందు రాసుకున్నదాంట్లో లక్క గురించి, సంచి కొలత గురించి చాలానే ఉంది. పొడుగైపోయింది, ఎవరు చదువుతారులే అని కొలత తీసేశాను. తర్వాత లక్క తీసేశాను. ఫొటోలో బల్ల బాగాలేదని బట్ట పరిచి మళ్లీ తీశాను. చివరికి మిగిలింది ఒక అందమైన పెన్ను ఫొటో, దాని కింద "పాతదానికి ప్రాణం పోశాను" అనే ఒక డైలాగు. లైకులు బాగానే వచ్చాయి, పది నిమిషాలకోసారి ఫోన్ తీసి చూసుకున్నాను కూడా, అబద్ధమెందుకు. కానీ అది చదివి ఇంకొకరు తమ పెన్ను బాగుచేసుకోగలరా? లేదు. పనికొచ్చేదంతా నా చేతులతో నేనే కోసేశాను, అచ్చం సంచిని పొట్టిగా కోసినట్టే.

చూసేవాళ్లు ఉన్నారని తెలిస్తే మనకి తెలియకుండానే చెక్కేస్తాం. హాబీ సైటులో ఆ చెక్కుడు ఉండదు, కొలతలూ పాళ్లూ అన్నీ సొంతదారు ఇష్టం. ఒక మేకు గురించి రెండు పేజీలు, అసలు యంత్రం గురించి రెండు లైన్లు. మొదట్లో చిరాకేస్తుంది, ఎడిటర్ ఒకరుంటే బాగుండు అనిపిస్తుంది. రెండోసారి చదివితే తెలుస్తుంది, ఎక్కడ ఎక్కువ రాశారో అక్కడే వాళ్లకి దెబ్బ తగిలింది. ఆ పని మనం చేస్తే మనకీ అక్కడే తగులుతుంది. ఆ వంకరతనమే సమాచారం, దాన్ని సాపు చేసి సమానంగా పంచిపెట్టిన వ్యాసంలో ఏది తేలికో ఏది కష్టమో తెలిసే దారే ఉండదు.

ఎవరి పేజీ వాళ్లే తమ ఇష్టప్రకారం రాసుకోవడం అన్నది వెబ్ మొదలైనప్పటి ఆలోచనలో కూడా కొంత ఉంది. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ, యూరప్‌లోని అణు పరిశోధన సంస్థ సెర్న్‌లో పనిచేస్తూ తయారుచేసిన మొట్టమొదటి బ్రౌజర్ చదవడానికే పరిమితం కాదు, అందులోనే పేజీలు రాయొచ్చు కూడా. చదివే కిటికీ, రాసే కిటికీ ఒక్కటే. 1991 ఆగస్టులో దాన్ని బయటి ప్రపంచానికి చెప్పాడు, 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ సాఫ్ట్‌వేర్ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. తర్వాత జనంలోకి బాగా పాకిన బ్రౌజర్లు చాలావరకు చదివే సగమే ఉంచుకున్నాయి. అయినా జనం ఊరుకోలేదు. యూనివర్సిటీ సర్వర్లలో అడ్రసు చివర ఒక అలగీత, దాని పక్కన తమ యూజర్ పేరు, అదే వాళ్ల ఇల్లు. 1994లో మొదలైన, జనానికి ఉచితంగా సైట్లు ఇచ్చే జియోసిటీస్ అయితే సైట్లని పేటలుగా పంచింది, సైన్స్ ఫిక్షన్ వాళ్లకి ఒక పేట, కంప్యూటర్ల వాళ్లకి ఒక పేట, ఇంటి నంబరుతో సహా. 1999లో యాహూ దాన్ని వందల కోట్ల డాలర్లకి కొనుక్కుని, 2009 అక్టోబర్‌లో మూసేసింది. మూసేలోగా ఆర్కైవ్ టీమ్ అనే వాలంటీర్ల గుంపు దొరికినంత కాపీ చేసి దాచింది, లేకపోతే అవన్నీ గంగపాలే.

కాకపోతే ఆ రోజులు స్వర్గం అనేవాళ్లతో నాకు పేచీ. నక్షత్రాల వాల్‌పేపర్ మీద పసుపుపచ్చ అక్షరాలు చదివినవాళ్లకి తెలుసు ఆ స్వర్గం. పేజీ తెరవగానే దానంతటదే మోగే పాట, అటునుంచి ఇటు పరుగెత్తే అక్షరాలు, పార పట్టుకుని ఎప్పటికీ తవ్వుతూనే ఉండే మనిషి బొమ్మ, పక్కన "నిర్మాణంలో ఉంది". అక్షరాలు ఆరి వెలిగేలా చేసే బ్లింక్ ట్యాగ్‌ని (పేజీలో ఏది ఎలా కనపడాలో బ్రౌజర్‌కి చెప్పే గుర్తుని ట్యాగ్ అంటారు) ఫైర్‌ఫాక్స్ 2013లో తీసేసింది, నేనేమీ కన్నీళ్లు పెట్టుకోలేదు. ఇప్పుడు కొత్తగా సైట్లు పెట్టుకునే కుర్రాళ్లు ఆ అలంకారాలన్నీ ముచ్చటపడి తిరిగి తెస్తున్నారు, 88 పిక్సెళ్ల వెడల్పు 31 పిక్సెళ్ల ఎత్తు ఉండే, వేరే సైట్లకి లింకులుగా పెట్టే ఆ చిట్టి బటన్లతో సహా. ఆ బటన్లు మాత్రం నాకూ ఇష్టమే.

సరే, చూసి చూసి నేనూ ఒకటి పెట్టాను.

పెట్టడానికి ముందు జరిగిన భాగోతం చెప్పుకుంటే సిగ్గు. సైటు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లు ఏవి మంచివో చూద్దామని ఒక శనివారం కూర్చున్నాను. ఇది వేగం, అది సులువు, దీనికి థీములెక్కువ. ఆదివారం కూడా అదే. తర్వాతి వారం ఒకటి ఇన్‌స్టాల్ చేస్తే అది ఇంకోటి కావాలంది, ఆ ఇంకోటి పాత వెర్షన్ కావాలంది. రెండు వారాంతాలయ్యేసరికి థీమ్ రంగు కుదిరింది, రాసింది మాత్రం సున్నా. పెళ్లికి ముందే పందిరి కూలినట్టు విసుగొచ్చి అన్నీ తీసేసి, నోట్‌ప్యాడ్ తెరిచి, ఒక ఫోల్డర్లో ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అని ఒక ఫైలు పెట్టి నాలుగు లైన్లు రాసి డబుల్ క్లిక్ చేశాను. తెరుచుకుంది. అసలు అంతే పని అది. పేరా ట్యాగ్, హెడింగ్ ట్యాగ్, బొమ్మ ట్యాగ్, లింకు ట్యాగ్, ఈ నాలుగూ వస్తే ఎన్నేళ్లయినా సరిపోతాయి.

తెరుచుకుంది అన్నాను గానీ తెలుగు రాలేదు. అక్షరాల బదులు నెత్తిన గీత ఉన్న చిన్న ఇంగ్లిష్ 'ఏ'లు, వాటి పక్కన డిగ్రీ గుర్తులు, ప్లస్-మైనస్ గుర్తులు వరసగా నిలబడ్డాయి. ఫైలు పాడైపోయిందని టెన్షన్ పడ్డాను. విషయమేమంటే, అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరపు గుర్తుకి మూడు బైట్లు పడతాయి, ఫైలు ఏ లెక్కలో రాసిందో చెప్పకపోతే బ్రౌజర్ ఒక్కో బైటునీ ఒక్కో యూరోపియన్ అక్షరం అనుకుని చూపిస్తుంది. పైన ఒక మెటా చార్‌సెట్ లైను పెట్టగానే అన్నీ బుద్ధిగా తెలుగైపోయాయి. ఈ ఒక్క లైను గురించి నా సైట్లో రెండు పేరాలున్నాయి, నాకు దెబ్బ తగిలింది అక్కడే కాబట్టి.

నా సైటు దేని గురించంటే, ఇంకులు వెలుతురుకి ఎంత వెలిసిపోతాయి అన్నదాని గురించి. 23 ఇంకులతో 23 కాగితపు పట్టీల మీద ఒకే వాక్యం రాశాను, ప్రతి పట్టీలో సగాన్ని నల్లటి అట్టతో కప్పి కిటికీ అద్దానికి అతికించాను. నెలకోసారి అట్ట తీసి రెండు సగాలూ పక్కపక్కన కనపడేలా ఫొటో తీసి పెడతాను. నీళ్లతో కడిగితే పోయే నీలం ఇంకు రెండో నెలకే దాదాపు మాయమైంది. కార్బన్ కలిపిన నల్ల ఇంకు చెక్కుచెదరలేదు. అన్నిటికంటే ముచ్చటైంది ఐరన్ గాల్ ఇంకు. రాసేటప్పుడు నీలంగా ఉంటుంది, గాలి తగిలి అందులోని ఇనుము మారుతున్నకొద్దీ నల్లబడుతుంది, ఎండలో పెడితే ఆ నీలం రంగు ఎగిరిపోయి ఇనుము గీత మాత్రం బూడిద రంగులో మిగిలిపోతుంది. నెలనెలా ఆ మార్పు చూస్తుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది, ఇంట్లోవాళ్లు నావంక జాలిగా చూస్తారు.

ఎవరికి కావాలి ఇది? ఎవరికీ అక్కర్లేదు. హోస్టింగ్ వాళ్ల (నా సైటుని తమ సర్వర్లో ఉంచేవాళ్ల) లెక్కలో పోయిన నెల వచ్చినవాళ్లు తొమ్మిదిమంది, వాళ్లలో మనుషులెందరో, వాటంతటవే తిరిగే బాట్ ప్రోగ్రాములెన్నో చెప్పలేను, ఇద్దరు మాత్రం కచ్చితంగా నేనే, ఒకసారి ఫోన్ నుంచి, ఒకసారి ల్యాప్‌టాప్ నుంచి. విచిత్రమేమంటే ఆ తొమ్మిది చూసి నాకు హాయిగా ఉంది. నాకు ఇష్టమొచ్చినంత పొడుగు రాసుకోవచ్చు, తప్పు రాస్తే కొట్టేసి పక్కన తేదీ వేసి సరైనది రాసుకోవచ్చు. సోషల్ మీడియాలో నిన్నటిది నిన్ననే చచ్చిపోతుంది, దాన్ని దిద్దినా చూసేవాడుండడు. ఇక్కడ పేజీ అలాగే ఉండి చెట్టులా కొమ్మలేస్తుంది.

బరువు కూడా తక్కువే. ఇప్పుడు ఒక మామూలు వెబ్ పేజీ తెరిస్తే రెండు మెగాబైట్ల పైనే దిగుతుంది, అందులో మనం చదివే మాటలు ఏ మూలకి? తెలుగులో వెయ్యి మాటలు రాసినా పాతిక కిలోబైట్ల దరిదాపుల్లోనే ఉంటుంది. ఫోన్ ఫొటోలు ఒక్కోటి నాలుగు మెగాబైట్లుంటే కుదించి వందలోపు కిలోబైట్లకి తెచ్చాను. ఈ బరువు తగ్గించే పనిలో బార్సిలోనా నుంచి నడిచే లోటెక్ మ్యాగజైన్ వాళ్ల సైటు చూడాలి. 2018 నుంచి ఒక చిన్న సోలార్ పలకతో నడుస్తోంది, బ్యాటరీ ఎంతుందో పేజీ వెనక రంగే చెబుతుంది, వరసగా మబ్బు పడితే సైటు ఆగిపోతుంది, ఎండ వచ్చాక లేస్తుంది. నాకది ఎంత నచ్చిందంటే, ఒకసారి తెరుచుకోకపోతే అక్కడ వాన పడుతోందేమో అనుకున్నాను, తీరా చూస్తే నా వైఫై పోయింది.

ఇలాంటివి ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. పెద్ద సెర్చ్ ఇంజన్లలో కష్టం. మార్జినేలియా అని ఒక్క మనిషి మొదలుపెట్టిన సెర్చ్ ఇంజన్ ఉంది, హంగులు తక్కువా మాటలు ఎక్కువా ఉన్న పేజీలని అది ముందుకు తెస్తుంది. 2013లో మొదలైన నియోసిటీస్‌లో ఉచితంగా సైట్లు పెట్టుకున్నవాళ్లని ఊరికే తిరిగి చూడొచ్చు. అన్నిటికంటే మంచి దారి మాత్రం ఒకరి సైట్లో ఉండే లింకుల పేజీ. వాళ్లకి నచ్చినవాళ్లు, ఆ నచ్చినవాళ్లకి నచ్చినవాళ్లు, అలా పోతుంటే తెల్లారిపోతుంది. నచ్చినవాటిని ఆర్‌ఎస్‌ఎస్‌లో పెట్టుకుంటాను, అంటే సైట్లో కొత్తది రాగానే మనకి తెచ్చి అందించే ఏర్పాటు. ఆ కొత్తవన్నీ ఒకచోట చదివించే గూగుల్ రీడర్ 2013 జులైలో మూతపడ్డప్పుడు ఆర్‌ఎస్‌ఎస్ పని అయిపోయిందన్నారు, నా దగ్గర శుభ్రంగా పనిచేస్తోంది.

ఇక పోవడం సంగతి. ఇవి పోతాయి. అమెరికాలోని పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్క తీస్తే, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోవడం లేదు. పెద్ద సంస్థల పేజీలు పోతే వెతికేవాళ్లుంటారు, చిన్న సైటు పోతే పోయిందని కూడా ఎవరికీ తెలియదు. డొమైన్ (అంటే సైటు పేరు) రెన్యువల్ మర్చిపోతారు, చదువైపోయాక యూనివర్సిటీ అకౌంట్ తీసేస్తుంది, మనిషికి ఓపిక పోతుంది, లేదా మనిషే పోతాడు. నేను అభిమానించే ఒక తాళాల సైట్లో చివరి లైను "రెండో భాగం వచ్చే ఆదివారం", ఆరేళ్లుగా ఆ ఆదివారం రాలేదు. "పెన్నులు 3" పేజీని మాత్రం నా డిస్కులో దాచుకున్నాను, ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో కూడా భద్రం చేయించాను, పద్నాలుగు ఫొటోలూ వచ్చాయో లేదో ఒక్కోటి తెరిచి చూశాను. వచ్చాయి, మరకతో సహా.

పోయిన నెల నాకొక మెయిల్ వచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషి, ఏ దేశమో కూడా రాయలేదు. "మీ 14వ పట్టీ, 17వ పట్టీ తారుమారయ్యాయి. అయిదో నెల ఫొటోలో 14 అంచున చిన్న చినుగు ఉంది, ఆరో నెల నుంచి అదే చినుగు 17 అంచున కనిపిస్తోంది." అంతే రాశారు. పరుగెత్తుకెళ్లి కిటికీ దగ్గర చూశాను. నిజమే. అయిదో నెలలో టేపు ఊడిపోతే మళ్లీ అతికించేటప్పుడు మార్చేశాను. రెండు నెలలుగా నేను ఊదా రంగు ఇంకు అద్భుతంగా నిలబడుతోందని పొగుడుతున్నది ఇంకేదో ఇంకుని. ఫొటోలు వరసగా పక్కపక్కన పెట్టుకుని, కాగితం అంచుల దాకా చూసినవాళ్లకి తప్ప దొరికే తప్పు కాదు అది.

రాసిందంతా కొట్టేసి, తీసేయకుండా కొట్టేసినట్టు కనపడేలాగే ఉంచి, కింద తేదీ వేసి ఏం జరిగిందో రాశాను. టేపు ఊడిన సంగతి కూడా. ధన్యవాదాలు చెబుతూ జవాబిస్తే రెండు రోజులకి ఒక్క లైను తిరిగొచ్చింది, "ఇప్పుడు సరిపోయింది" అని. ఎనిమిదో నెల ఫొటోలు ఇంకా తీయలేదు, నాలుగు రోజులుగా మబ్బే, వెలుతురు చాలడం లేదు.